పదహారు గంటల పుణ్యం

డిసెంబర్‌లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్‌కి వెళ్ళాను. కొనాలనుకున్న కథల పుస్తకాలు రెండూ కొనేశాక, మిర్చిబజ్జీల వైపు పోవాల్సిన కాళ్ళు ఆరోగ్యం పుస్తకాల స్టాల్ దగ్గర ఆగిపోయాయి. గంటసేపు అక్కడే నిలబడి చదివాను. షాపాయన రెండుసార్లు గట్టిగా దగ్గాడు, అయినా కదల్లేదు. నేనున్న ఆ గంటలో అక్కడ అమ్ముడైనన్ని పుస్తకాలు పక్కనున్న కవిత్వం స్టాల్లో వారమంతా అమ్ముడై ఉండవు.

ఈ పుస్తకాల మీద మనలో ఎవరూ సమీక్షలు రాయరు. మూడొందల కాపీలు వేసి రెండొందలు పంచిపెట్టే సంపుటాల మీద రాస్తాం. కానీ మా అమ్మ, మా పిన్నులు, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య నిజంగా చదివే, వినే, నమ్మి పాటించే తెలుగు వచనం ఏదయ్యా అంటే ఇదే. పుస్తకంగా, వీడియోగా, వాట్సాప్ ఫార్వర్డ్‌గా. వచనం అన్నాక దానికీ ఒక విమర్శకుడు ఉండాలి కదా. పగలంతా జావా కోడ్ రాసి, రాత్రి పదిన్నర తర్వాత మాత్రమే సాహిత్యం దొరికే నాలాంటివాడికి ఆ అర్హత ఉందా అంటే, చెప్పలేను. బాధ్యత మాత్రం ఉంది. ఎందుకో ముందుకెళ్ళాక మీకే తెలుస్తుంది.

బరువు తగ్గించే పుస్తకం ఒక సాహిత్య ప్రక్రియ. దానికి ఒక వ్యూహం ఉంది. మొదటి అధ్యాయంలో పాపం: మీరు తప్పుడు వేళల్లో తింటున్నారు. రెండో అధ్యాయంలో రచయిత తన కథ చెప్తాడు. ఆయనా ఒకప్పుడు పాపే, పొట్టతో మెట్లెక్కలేకపోయిన పాపి. మూడో అధ్యాయంలో ఒక అంకె దిగుతుంది. ఆ అంకె మంత్రం లాంటిది. ఆరుసార్లు, రెండుసార్లు, ఒక్కసారి, 16:8, సాయంత్రం ఆరు లోపు... ఏదైనా కావచ్చు, అంకె అయితే చాలు. ఆ తర్వాత సాక్ష్యాలు: ఎక్కడో ఊరి నుంచి ఒక గృహిణి, ఇన్ని వారాల్లో ఇన్ని కిలోలు. చివర్లో, చిన్నక్షరాల్లో, డాక్టర్‌ని సంప్రదించమని ఒక వాక్యం. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి.

అంకెలు ఎలా మారతాయో నేను కళ్ళారా చూశాను. 2012లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, మాదాపూర్‌లో ఒక జిమ్‌కి వెళ్ళేవాణ్ణి. ట్రైనర్ చెప్పేవాడు, "అన్నా, మెటబాలిజమంటే పొయ్యి అన్నా. రెండు గంటలకోసారి కట్టె ఎయ్యకపోతే ఆరిపోతది." నిజమే కాబోలనుకుని డెస్క్ మీద ఐదు డబ్బాలు పేర్చుకున్నాను. మొలకలు, ఉడకబెట్టిన గుడ్లు, బాదం, మళ్ళీ మొలకలు. మీటింగ్ మధ్యలో డబ్బా మూత తీస్తే టీమ్ మొత్తానికి వాసన. 2019లో అదే ట్రైనర్ వేరే జిమ్‌లో కనిపించి, "అన్నా, పొయ్యికి రెస్టియ్యాలన్నా. పదహారు గంటలు ఏం ఎయ్యొద్దు" అన్నాడు. ఏడేళ్ళలో పొయ్యి మారలేదు, కట్టెల సంగతి మాత్రం తిరగబడింది. ముందు చెప్పింది తప్పని ఎక్కడా ఒప్పుకోలేదు. మా ఫీల్డులో కొత్త వెర్షన్ విడుదల చేస్తే ఏం మార్చామో ఒక కాగితమన్నా రాస్తాం.

పొయ్యి సంగతి తేల్చడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, ఐదో తరగతి లెక్క చాలు. తిన్నది అరిగించుకోవడానికి శరీరం కొంత శక్తి ఖర్చు పెడుతుంది. మామూలు మిశ్రమ భోజనంలో అది సుమారు పదో వంతు. రోజుకి 1800 కేలరీలు తినేవాడు 300 చొప్పున ఆరుసార్లు తింటే, ప్రతిసారీ 30, మొత్తం 180 ఖర్చు. 600 చొప్పున మూడుసార్లు తింటే ప్రతిసారీ 60, మొత్తం 180. అంతే. ఎన్నిసార్లు తిన్నా గుణకారం ఒకటే. ఏడేళ్ళు నేను మోసిన ఐదు డబ్బాల వెనకున్న 'సైన్సు' ఇంత లెక్కకి నిలవలేదు. ఇంజినీరింగ్ చదివి ఈ లెక్క ఒక్కసారీ వెయ్యకపోవడం నా ఘనత.

అసలు ఈ ఆరుసార్ల నమ్మకానికి మూలం ఎక్కడో వెతికితే ప్రాగ్ నగరం దాకా పోతుంది. 1964లో ఫాబ్రీ అనే ఆయనా, ఆయన సహచరులూ 60 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళని పరిశీలించి లాన్సెట్‌లో ఒక వ్యాసం వేశారు. తక్కువసార్లు తినేవాళ్ళలో ఊబకాయం, కొలెస్ట్రాల్ ఎక్కువగా కనిపించాయని దాని సారాంశం. కానీ అది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు. అప్పటికే బరువు పెరిగినవాళ్ళు తగ్గుదామని పూట మానేస్తుంటే? అప్పుడు ఏది కారణం, ఏది ఫలితం? 1997లో బెలీల్, మెక్‌డెవిట్, ప్రెంటిస్ ముగ్గురూ కలిసి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ముందేసుకుని, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడంవల్ల శరీరం ఎక్కువ శక్తి ఖర్చు పెడుతుందనడానికి ఆధారం లేదని తేల్చారు. 2010లో కెనడాలో 16 మంది ఊబకాయుల్ని రెండు జట్లు చేసి, కేలరీలు ఒకే లెక్కన తగ్గించి, ఒక జట్టుకి మూడు భోజనాలు, ఇంకో జట్టుకి మూడు భోజనాలూ మూడు చిరుతిళ్ళూ పెట్టారు. ఎనిమిది వారాల తర్వాత బరువులో తేడా లేదు. 2013లో కొలరాడోలో చేసిన మరో ప్రయోగంలో ఆరుసార్లు తిన్నప్పుడు కొవ్వు ఎక్కువేం కరగలేదు సరికదా, ఆకలీ తినాలనే కోరికా ఇంకాస్త పెరిగాయి. అవి చిన్న ప్రయోగాలే, నిజమే. అయినా మా ట్రైనర్ పొయ్యి కంటే పెద్దవి.

ఇప్పుడు 16:8 దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను కూడా ముద్దాయినే.

2021లో ఇంట్లోంచి పనిచేస్తున్న రోజుల్లో మొదలుపెట్టాను. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది వరకే తిండి. మొదటి వారం పొద్దున తొమ్మిదిన్నర కాల్‌లో నా కడుపు శబ్దం మైక్‌లో వినపడుతుందేమో అని మ్యూట్‌లో ఉండేవాణ్ణి. మూడో వారానికి ఆకలే లేదు. ఐదు నెలల్లో 88 నుంచి 81 కిలోలకి వచ్చాను. ఇక చూస్కోండి, మతం పుచ్చుకున్నవాడి ఉత్సాహం! పెళ్ళికెళ్తే పెళ్ళిలో, చావుకెళ్తే చావులో ఇదే ఉపన్యాసం. ఆటోఫజీ అన్నాను, నోబెల్ బహుమతి అన్నాను. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చిన మాట వాస్తవమే. కణాలు తమలోని పాత సరుకుని ఎలా విడగొట్టి తిరిగి వాడుకుంటాయో ఆయన ముఖ్యంగా ఈస్ట్‌లో కనుక్కున్నందుకు ఇచ్చారు. నిజాంపేటలో ఉండే ఒక సాఫ్ట్‌వేరోడు టిఫిన్ మానేస్తే బరువు తగ్గుతాడని ఇవ్వలేదు. ఈ తేడా తెలిసి కూడా నేను నోబెల్ పేరు వాడుకున్నాను. వింటున్నవాళ్ళ కళ్ళల్లో గౌరవం కనపడేది మరి.

2020లోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు 116 మందితో పన్నెండు వారాల ప్రయోగం చేసి ఫలితాలు ప్రచురించారు. సగం మంది పన్నెండు నుంచి ఎనిమిది మధ్యే తిన్నారు, సగం మంది మామూలుగా మూడు పూటలు తిన్నారు. మొదటివాళ్ళు కిలోకి కాస్త తక్కువ తగ్గారు, రెండోవాళ్ళు ముప్పావు కిలోకి కాస్త తక్కువ. లెక్కకొచ్చే తేడా కాదది. ఆ ప్రయోగం నడిపిన గుండె డాక్టర్ ఈథన్ వైస్ అప్పటిదాకా తాను కూడా 16:8 పాటిస్తున్నవాడే. ఫలితాలు చూసి మానేశాడు. నేను శాస్త్రం అనే మాటకి నమస్కారం పెట్టేది ఇలాంటి చోట్ల. 2022లో గ్వాంగ్‌జౌలో 139 మందితో ఏడాది పాటు ఇంకా గట్టి ప్రయోగం జరిగింది. రెండు జట్లకీ కేలరీలు తగ్గించారు, ఒక జట్టుకి మాత్రం పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపే తినాలన్న నియమం అదనం. వాళ్ళు సగటున 8 కిలోలు, నియమం లేనివాళ్ళు 6.3 కిలోలు తగ్గారు. గణాంకాల ప్రకారం ఆ తేడాని తేడాగా లెక్కవేయలేం. తగ్గించింది కేలరీల కోత. గడియారం పక్కన కూర్చుంది.

మరి నా ఏడు కిలోలు ఏమైనట్టు? ఒక ఆదివారం కూర్చుని పాత ఫుడ్ ఆర్డర్లు తిరగేశాను. 2020లో రాత్రి పదిన్నర తర్వాత ఎన్నిసార్లు బిర్యానీ తెప్పించుకున్నానో రసీదులతో సహా ఉంది, దాచుకోవడానికేం లేదు. అమెరికా వాళ్ళతో కాల్ అయ్యాక నాకు నేనిచ్చుకున్న బోనస్ అది. ఎనిమిదికి గేటు మూసేసరికి బిర్యానీ బయట ఉండిపోయింది. పొద్దున మైసూర్ బజ్జీ కూడా బయటే. ఆటోఫజీ కాదు, నోబెల్ కాదు. రెండు తిళ్ళు మానేశాను, తగ్గాను. నియమం నాకు పనికొచ్చింది, ఎందుకంటే ఒకే ఒక్క 'వద్దు' గుర్తుపెట్టుకోవడం వంద లెక్కలు వేసుకోవడం కంటే తేలిక. అంతవరకూ ఎవరు చెప్పినా ఒప్పుకుంటాను. కానీ ఆ మాటకి వీడియో అమ్ముడుపోదు.

ఇలా అనగానే పెద్దవాళ్ళ నుంచి ఒక బాణం వస్తుంది. ఒక పూట తినేవాడు యోగి, రెండు పూటలు తినేవాడు భోగి, మూడు పూటలు తినేవాడు రోగి, మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు కదా అని. మనవాళ్ళు చాలానే చెప్పారు. తెలుగులో వేళ తప్పి తినడానికి, పూట మానడానికి ఎన్ని మాటలున్నాయో చూడండి: ఉపవాసం, ఏకభుక్తం, ఒక్కపొద్దు, నక్తం, ఫలహారం. ఇవన్నీ మొక్కుల మాటలు. బరువు తగ్గాలని ఒక్కపొద్దున్న మనిషిని మా ఊళ్ళో నేనెరగను. కార్తీకంలో నక్తం అంటే పగలంతా పస్తుండి చుక్క పొడిచాక తినడం. వీడియోలేమో సూర్యుడు దిగకముందే తినెయ్యమంటాయి. ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. రెండిటికీ 'పూర్వీకుల విజ్ఞానం' అని ఒకే బోర్డు ఎలా తగిలిస్తారో నాకు అర్థం కాదు. పైగా మొక్కుకి మినహాయింపులుండేవి. పసిపిల్లలు, బాలింతలు, జబ్బుమనుషులు ఉండక్కర్లేదని మా నాయనమ్మ లాంటి చదువులేని మనిషి కూడా చెప్పేది. మా టీమ్‌లో ఒకతనికి షుగరు. రంజాన్‌కి నెల ముందే డాక్టర్ దగ్గరికెళ్ళి మాత్రల వేళలు, మోతాదు మార్పించుకొస్తాడు. రోజా విరమించాల్సిన పరిస్థితులేవో అతనికి కంఠతా వచ్చు. ఉపవాసం సంప్రదాయంగా ఉన్నచోట దాని చుట్టూ ఇంత జాగ్రత్త పేరుకుని ఉంటుంది. ఉపవాసం ఉత్పత్తిగా మారినచోట చిన్నక్షరాల వాక్యం ఒక్కటే మిగులుతుంది.

నా బాధ్యత అన్నాను కదా. చెప్తాను.

మా అమ్మకి 63 ఏళ్ళు. తెనాలిలో ఉంటుంది. పదకొండేళ్ళుగా షుగరు. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ వాడేది. 2022లో నేను కొత్త మతంలో మునిగితేలుతున్న రోజుల్లో మా కుటుంబం గ్రూపులో ఒక వీడియో పెట్టాను. ఒక పూట భోజనంతో షుగరు మాయం అని. కింద నేనే రాశాను, 'అమ్మా, నువ్వు కూడా చూడు' అని. కార్తీకమాసం ఎలాగూ వచ్చింది. మాసం అయిపోయాక కూడా అమ్మ మానలేదు, మధ్యాహ్నం రెండింటికి ఒక్కపూటే. పొద్దున మాత్ర మాత్రం క్రమం తప్పకుండా వేసుకునేది. 'మాత్ర మానకూడదు కదా' అనుకుంది. ఎంత బుద్ధిమంతురాలంటే అంత బుద్ధిమంతురాలు.

గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు మనం తిన్నామా లేదా అని అడగవు. క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. అరగడానికి అన్నం లేకపోతే రక్తంలో ఉన్న చక్కెరే పడిపోతుంది. ఒకరోజు పదకొండు గంటలకి అమ్మ వంటింట్లో చెమటలు పట్టి, మాట తడబడి, గ్యాస్ గట్టు పట్టుకుని అలాగే కిందకి జారిపోయింది. నాన్న బీపీ అనుకున్నాడు. పక్కింట్లో నర్సుగా పనిచేసే ఆవిడ పరిగెత్తుకొచ్చి మీటర్‌తో చూస్తే 48. స్పృహ ఉంది కాబట్టి పంచదార నీళ్ళు తాగించగలిగారు. తర్వాత ఆస్పత్రిలో డాక్టర్ గారు, "ఒక పూట తినమని ఏ డాక్టర్ చెప్పాడమ్మా మీకు?" అని అడిగితే, "మావాడు పంపాడండి" అందట. ఫోన్లో ఈ మాట నాకు నాన్న చెప్పాడు. తిట్టలేదు. తిడితే బావుండేది.

అందుకే ఈ వ్యాసంలో కోపం కాస్త ఎక్కువుంటే క్షమించండి, సగం నా మీదే.

వేళకి అసలు ప్రభావమే లేదా అంటే, ఉంది. బరువు కాటా మీద కంటే ఆకలి మీద ఉంది. 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా గ్రెలిన్ అనే హార్మోన్‌ని కనిపెట్టారు. రెండేళ్ళ తర్వాత కమింగ్స్ బృందం అమెరికాలో గమనించిందేంటంటే, అది ప్రతి భోజనానికి ముందు పెరిగి, తిన్నాక పడిపోతుంది. ఏ వేళకి తినడం అలవాటో ఆ వేళకే లేస్తుందని తర్వాత వచ్చిన పనులు చూపించాయి. నా తొమ్మిదిన్నర ఆకలి మూడో వారానికి మాయమవడం నా నిగ్రహం కాదు, అలారం వేళ మారింది. 2022లో రెండు ముఖ్యమైన ప్రయోగాలొచ్చాయి. అబర్డీన్‌లో 30 మందికి ఒక నెల పొద్దున ఎక్కువ, రాత్రి తక్కువ పెట్టారు, ఇంకో నెల తిరగేసి పెట్టారు. బరువు తగ్గడంలో తేడా రాలేదు. కానీ పొద్దున ఎక్కువ తిన్న నెలలో ఆకలి తక్కువ. బోస్టన్‌లో 16 మందికి అదే తిండి సుమారు నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టి చూశారు. ఆకలి పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గింది, మెలకువలో ఖర్చయ్యే శక్తి కూడా కొంచెం తగ్గింది. అంతకు ముందు 2018లో అలబామాలో షుగరు అంచున ఉన్న ఎనిమిది మంది మగవాళ్ళకి మధ్యాహ్నం మూడు లోపే రోజు మొత్తం తిండి పెట్టారు. బరువు మారకుండా చూసుకున్నా ఇన్సులిన్ పనితీరు, బీపీ మెరుగయ్యాయి, సాయంత్రం తినాలన్న కోరిక తగ్గింది.

అన్నీ చిన్న ప్రయోగాలే, పెంచి చెప్పను. కానీ ఇన్ని అంకెల్లో కాస్తో కూస్తో నిలిచేది ఏదైనా ఉంటే ఇదే: పెందలాడే తింటే ఆకలి కాస్త లొంగుతుంది. ఇక్కడే నా అసలు తగాదా మొదలవుతుంది. పెందలాడే తినే హక్కు ఎవరికుంది?

రాత్రి తొమ్మిదిన్నరకి కాల్ పెట్టే క్లయింటు నా వేళ నిర్ణయిస్తాడు. నాకు బిర్యానీ తెచ్చిన కుర్రాడు అందరి లంచ్ ఆర్డర్లు అయ్యాక మూడున్నరకి బండి మీద కూర్చుని తింటాడు, డిన్నర్ ఆర్డర్లయ్యాక అర్ధరాత్రి తింటాడు. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసే మా కజిన్‌కి 'సూర్యాస్తమయం లోపు' అంటే నిద్ర లేచిన వెంటనే అని అర్థం. ఈ పుస్తకాల్లో 'మీరు' అని పిలవబడే మనిషి ఎవరు? సాయంత్రం ఆరున్నరకి వేడివేడిగా వండి పెట్టే ఇంకో మనిషి ఇంట్లో ఉన్నవాడు. ఆ ఇంకో మనిషి ఎప్పుడు తినాలో ఏ అధ్యాయంలోనూ ఉండదు. గంటసేపు నిలబడి వెతికాను, లేదు.

మా ఇంట్లో అమ్మ రాత్రి పదిన్నరకి తినేది. నాన్న క్లబ్బులో పేకాట ముగించి వచ్చేది తొమ్మిదిన్నరకి. ఆయన తిన్నాక, గిన్నెలు సర్దాక, పాలు తోడుపెట్టాక. చిన్నప్పుడు "నువ్వు కూడా కూర్చోవే అమ్మా" అంటే "నాకప్పుడే ఆకలెయ్యదురా" అనేది. నిజంగానే వెయ్యదనుకునేవాణ్ణి. గ్రెలిన్ గురించి చదివాక అనుమానం వచ్చింది. నలభై ఏళ్ళు పదిన్నరకి తిన్న మనిషికి ఎనిమిదికి ఆకలి ఎందుకేస్తుంది? ఆమె అలారాన్ని ఆ ఇల్లు సెట్ చేసింది. ఆమెకి మేమందరం కలిసి నేర్పిన ఆకలి అది. అలాంటి మనిషికి నేను పంపింది ఇంకో పూట మానెయ్యమనే వీడియో. ఆడవాళ్ళు చివర్న తినడం మీద మన సాహిత్యంలో ఎన్ని కథలు చదివి ఎన్ని మెచ్చుకోలు రాశానో, నాకే సిగ్గుగా ఉంది.

డాక్టర్ గారు గ్లిమెపిరైడ్ తీసేసి వేరే మాత్ర రాశారు. వేళకి మూడు పూటలూ తినమన్నారు, ఎంత తినాలో చేత్తో చూపించారు. రాత్రి భోజనం ఏడున్నరకని నేనూ నాన్నా ఫోన్లో పెద్ద గొడవ పడ్డాం. "నేనొచ్చేదాకా ఆగొద్దని చెప్తూనే ఉన్నాను, అదే ఆగుద్ది" అంటాడాయన. "ఆయనకి చల్లారిన కూర ఎలా పెట్టేది" అంటుంది ఆవిడ. నాన్న హాట్‌బాక్స్ కొన్నాడు. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు ఏడున్నరకే తింటోంది. పేకాట ఉన్న మూడు రోజులు మాత్రం ఫోన్ చేసి "తిన్నావా" అంటే "ఇదిగో, తింటున్నా" అంటుంది, వెనక టీవీలో తొమ్మిది గంటల వార్తలు వినిపిస్తుంటాయి. నేను ఇప్పటికీ పన్నెండింటికే మొదలుపెడతాను. పొద్దున ఆకలెయ్యదు మరి. ఎవరైనా అడిగితే అలవాటైపోయిందండీ అంటాను.